చేతులు వదిలినంతసేపు

2024 ఆగస్టు 6, మంగళవారం

చెన్నై నుంచి ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. ఒళ్ళు మండిపోతోంది.

పేటెంట్ ఆఫీసు వాళ్ళు నా డబ్బా గురించి రాసిందంతా చదివారు. చదివి, ఇందులో కొత్తేమీ లేదన్నారు. డ్రైవర్‌కు స్పృహ తప్పితే బండి తనంతట తాను ఆగే పద్ధతులు ఇదివరకే ఉన్నాయట. వాళ్ళు చూపించిన పాత పత్రాల్లో డీ1 జర్మనీది. డీ2 జపాన్‌ది. డీ3 కూడా జపాన్‌దే. ఆ మూడూ ముందు పెట్టుకుంటే, ఆ విద్యలో ఆరితేరిన మనిషి ఎవరికైనా నా ఆలోచన ఇట్టే తడుతుందట.

ఎవడా మనిషి? ఎక్కడుంటాడు? నస్పూర్‌లో ఈ వీధిలో టిప్పర్ల వైరింగ్ చేసేది పరశురాములు కాక షాపు. అందులో చేసేది నేను. కాకకు చత్వారం వచ్చి ఫ్యూజ్ కూడా నాతోనే వేయిస్తాడు. ఆరితేరిన మనిషిని వెతుక్కుంటూ చెన్నై దాకా పోవాలా? నాకు తట్టింది కాబట్టే కదా రాశాను!

జర్మనీ బండిలో కెమెరా ఉంటుంది. డ్రైవర్ కళ్ళు చూస్తూ కూర్చుంటుంది. మా బొగ్గు టిప్పర్‌లో పెడితే పూట గడవకముందే దాని కన్నే మూసుకుపోతుంది.

రిపోర్ట్ మడిచి టూల్ డబ్బాలో పడేశాను. పైన స్పానర్లు పెట్టాను.

ఆగస్టు 7

కాక అడిగాడు, పేటెంట్ లేకుంటే బువ్వ దిగదా బిడ్డా అని. దిగదు.

ఆగస్టు 18, ఆదివారం

కోపం తగ్గలేదు. కానీ స్పానర్లు తీసి చదివాను.

అసలు సంగతి చాలా చిన్నది. స్టీరింగ్ కవర్ కింద ఒక పట్టీ వేశాను. బతికున్న చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నా నిలకడగా ఉండదు, సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు పట్టీకి అందినంతసేపు డబ్బా మీద పచ్చ లైటు. అందకపోతే ఎర్ర లైటు, బజర్. అప్పటికీ చెయ్యి రాకపోతే డీజిల్ తగ్గుతుంది, బ్రేకుల్లో గాలి మెల్లమెల్లగా దిగి అవి పట్టేస్తాయి, నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటాయి, బండి ఆగుతుంది.

ఇది ఎందుకు చేశానంటే హనుమండ్లు కోసం. మా సదానందం బావ దోస్తు. బొగ్గు లోడుతో వస్తూ సీట్లోనే పోయాడు. మనిషి పోయాడు, బండి మాత్రం పోతూనే ఉంది, రోడ్డు దిగి చాయ్ హోటల్లోకి. మరుసటి వారమే బావ బండికి మొదటి డబ్బా బిగించాను. బావ అంటే మా దీపికక్క మొగుడు. గని నుంచి బొగ్గు రైలెక్కించే రైల్వే సైడింగ్‌కి టిప్పర్ నడుపుతాడు.

బిగించిన మొదటి రోజే పరువు పోయింది. బండి మలుపు మైసమ్మ దగ్గర ఆగిపోయింది. వెనక లారీల వాళ్ళు దిగి మా తాతల దాకా తిట్టారట. సంగతేమిటంటే ఆ మలుపు దగ్గర ప్రతి డ్రైవరూ బండి కదులుతుండగానే ఒక హారన్ కొట్టి, రెండు చేతులూ వదిలి అమ్మకు దణ్ణం పెడతాడు. పెట్టనివాడు లేడు. నా డబ్బాకు అది తెలియదు. చేతులు లేవు, మనిషి పోయినట్టే అనుకుంది. బావ షాపుకొచ్చి అందరిముందు అరిచాడు, "ఏమే సైంటిస్టు, నీ డబ్బాకు జరంత భక్తి నేర్పరాదానే?"

నేర్పాను. హారన్ కొట్టి చేతులు వదిలితే అది దణ్ణం, ఆగొద్దు. మళ్ళీ హారన్ వస్తే ఇంకా దణ్ణమే, ఇంకా ఆగొద్దు. బోనాలప్పుడు బండ్లు బారులుగా నత్తల్లా పోతాయి, అమ్మను దాటేదాకా మోగిస్తూనే ఉంటారు. అందుకని దానికి గడువు పెట్టలేదు. అప్లికేషన్‌లో కొత్తవని నేను హక్కు అడిగినవాటిలో ఇదే ఏడోది, ఏడో క్లెయిమ్. చివర్లో, ఉండనీలే అని రాసింది.

ఇవాళ డీ1, డీ2, డీ3 మూడూ డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఏ ఒక్కదాంట్లోనూ ఇది లేదు. జర్మనీలో ఎవడూ స్టీరింగ్ వదిలి దణ్ణం పెట్టడు.

దొరికింది. ఏడో క్లెయిమ్ మీద పోరాడతాను.

నవంబర్ 10, ఆదివారం

జవాబు పంపేశాను. అక్క ఇంట్లో తిన్నాను.

అక్క బీడీలు చుడుతూనే వడ్డించింది. బావ ఏదో జోక్ చెప్పినట్టు ఒక మాట చెప్పాడు. మైసమ్మకు దణ్ణం పెట్టేదాకా అంతా యాదికుంటదట. తర్వాత కళ్ళు తెరిస్తే సైడింగ్ గేటట. నడుమ తొవ్వ యాదికి లేదట. రోజూ కాదు, అప్పుడప్పుడు.

ఎండకు తిరిగితే గంతే అని అక్క అంది. డాక్టర్‌కు చూపించమని నేనన్నాను. బావ నా కంచంలో ఇంకో ముక్క వేసి అన్నాడు, "నీ డబ్బా ఉన్నది గదా మరదలా, నాకేం ఫికర్?"

గర్వంగా అనిపించింది. ముక్క తిన్నాను.

2025 జనవరి 22

హియరింగ్ నోటీసు! వీడియోలో మాట్లాడాలట. బావ జిలేబీ తెచ్చి షాపంతా పంచాడు. రేపటికి చెన్నై వాళ్ళందరికీ మన తిరుమల పేరు నోటికొస్తదని గొప్పలు చెప్పాడు.

జనవరి 27, సోమవారం

దణ్ణం పెడుతున్న డ్రైవర్ల ఫోటోలు తీద్దామని మైసమ్మ దగ్గరికి పోయాను. హియరింగ్‌లో చూపిస్తే పేటెంట్ ఆఫీసు మేడమ్‌కు తొందరగా అర్థమవుతుందని.

అక్కడ దేవవ్వ కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్ముతుంది. పొద్దస్తమానం రోడ్డుకే ముఖం పెట్టి కూర్చుంటుంది. ఏ లారీ ఎవరిదో హారన్ వింటే చెబుతుంది. నన్ను గుర్తుపట్టి అంది, మీ సదానందానికి భక్తి బాగ పెరిగింది బిడ్డా అని. అందరూ చేతులు లేపుతరు, ఆయన తలకాయే వంచుతడట. స్టీరింగ్‌కు ఆనిస్తడట. చేతులు కిందికి వేలాడుతయట. హారన్ మోగుతనే ఉంటదట. మలుపు తిరిగేదాకా తల లేపడట.

మరి స్టీరింగ్ ఎవరు తిప్పుతున్నారు అని అడిగాను.

"గదే నేను రోజు సూస్తున్న" అంది. కుళ్ళిన నిమ్మకాయ ఒకటి ఏరి అవతల పారేసింది. "సల్లగ తిరుగుతది బిడ్డా. మా ముసలోడు ఎడ్లబండిని గూడ గంత సల్లగ తిప్పకపోతుండె."

కళ్ళు చూపించుకో అవ్వా అన్నాను. చూపించుకున్న, అద్దాలు గూడ అక్కెరలేదన్నరు అంది.

ఫోటోలు బాగా వచ్చాయి. బావ బండి ఇవాళ అటు రాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

హియరింగ్.

ఫోన్‌ను పాత బ్యాటరీకి ఆనించి పెట్టాను. కాక గిరాకీలను బయటే ఆపాడు. మేడమ్ సన్నగా ఉంది, మెల్లగా మాట్లాడింది. నాది యూట్యూబ్ ఇంగ్లిష్. మొదట్లోనే అరిచాను. ఆరితేరిన మనిషిని ఒక్కసారి బొగ్గు రోడ్డు మీదికి పంపండి అన్నాను. ఆమె నవ్వలేదు, కసరలేదు. నేను ఆగేదాకా ఆగి, నీళ్ళు తాగమంది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. ఒకటి నుంచి ఆరు దాకా ఇవ్వలేమంది. ఏడోది మాత్రం ఏ పత్రంలోనూ లేదంది. దాన్ని మొదటి క్లెయిమ్‌లో కలిపి రాసిస్తే పరిశీలిస్తానంది. నా గుండె ఎట్లా కొట్టుకుందో! బయట కాక అద్దంలోంచి బొటనవేలు చూపించాడు.

ఒక్క సందేహం ఉంది అంది మేడమ్.

డ్రైవర్ స్పృహ తప్పి ముందుకు పడితే? ఛాతీ హారన్ బటన్ మీద పడుతుంది. హారన్ మోగుతుంది. చేతులు వదిలేసి ఉంటాయి. అప్పుడు మీ పరికరం ఏమనుకుంటుంది?

ఏడో క్లెయిమ్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. హారన్‌కు గడువు ఎక్కడా లేదు.

నన్ను ఓడించాలని అడగలేదు ఆమె. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. రాతపూర్వకంగా చెప్పడానికి గడువు ఇచ్చింది. థాంక్యూ తిరుమలా అంది. పేరు సరిగ్గా పలికింది.

అదే రోజు, సాయంత్రం

దేవవ్వ కళ్ళు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 13, గురువారం

పని ఎగ్గొట్టి మైసమ్మ గద్దె పక్కన కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. నీడ కూడా లేదు.

నాలుగైదు బండ్లు పోయాయి. హారన్, చేతులు, దణ్ణం. మామూలే. అప్పుడు దేవవ్వ, మీ బావ వస్తుండు అంది. నాకింకా ఏమీ వినబడలేదు. తర్వాత వినబడింది. కొట్టి వదిలిన హారన్ కాదు. తెగని హారన్.

దిగుడులో మెల్లగా వచ్చింది బండి. అద్దంలోంచి బావ నడినెత్తి కనబడింది. తల స్టీరింగ్ మీద ఉంది. చేతులు కనబడలేదు. బండి నన్ను దాటింది. మలుపు దగ్గర రోడ్డు ఎటు వంగిందో బండీ అటే వంగింది. గతుకు ఉన్నచోట జరిగి, గతుకు తప్పించి మరీ పోయింది.

నేను కేక వేశాను. ఏమని వేశానో తెలియదు. దేవవ్వ నా చెయ్యి పట్టుకుని, ఒర్రకు బిడ్డా, ఆగమైతది అంది. ఏది ఆగమవుతుందో చెప్పలేదు.

బండి కనుమరుగయ్యాక హారన్ ఆగింది.

మేడమ్ అడిగిందానికి జవాబు ఇదే. నా డబ్బా మా బావ దణ్ణం పెడుతున్నాడనుకుంటోంది. ఇన్ని నెలలుగా.

బండి రోడ్డు దిగకుండా ఎట్లా పోతోంది అనేది మాత్రం ఆమె అడగలేదు.

ఫిబ్రవరి 14

పొద్దున్నే పోయి బావ డబ్బాలోంచి దణ్ణం తీసేశాను. ఇక హారన్ మోగినా మోగకపోయినా, చేతులు వదిలితే ఆగుతుంది. చూసింది చూసినట్టు చెప్పాను.

బావ మొదట నవ్వాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. బండి నడిరోడ్డు మీద ఆగితే ఓనర్‌కు తెలుస్తదట, తాళంచెవి గుంజుకుంటడట. "ఫికర్ లేదని డబ్బ వెట్టింది నువ్వే. గిప్పుడు ఫికర్ వడుమంటున్నది నువ్వే. ఏదో ఒక మాట మీద నిలవడవే!"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనా తిట్టాడు. దవాఖానకు పదమంటే దవాఖాన పొయ్యే ముఖమా ఇది అన్నాడు. అక్క బీడీ ఆకులు కత్తిరించడం ఆపి, చెల్లె సూసింది అబద్ధమైతదా అని గట్టిగా అడిగింది. బావ బండెక్కాడు.

ఆగుతుందిలే. ఆగినప్పుడు తెలుస్తుంది.

ఫిబ్రవరి 15, శనివారం

ఆగలేదు.

దేవవ్వ మనవరాలి ఫోన్ నుంచి చేసింది. మీ బావ అట్లనే తల వంచుకొని పోయిండు బిడ్డా అంది.

సాయంత్రం డబ్బా విప్పి షాపు బల్ల మీద పెట్టాను. ఇసుక నింపిన గ్లౌజు పెట్టాను. ఎర్ర లైటు. నా చెయ్యి పెట్టాను. పచ్చ. కాక చెయ్యి, పచ్చ. మటన్ షాపు నుంచి మేక కాలు తెప్పించి కట్టాను. ఎర్ర. కాక ఆ కాలును పారేయకుండా కడిగి ఇంటికి తీసుకుపోయాడు, పాయకు పనికొస్తుందని.

పట్టీ మంచిదే. వైరు మంచిదే. డబ్బాకు అబద్ధం చెప్పడం రాదు. బతికిన చెయ్యి ఉంటేనే పచ్చ.

ఈ మాట రాసి, లేచి పోయి డబ్బా మళ్ళీ బావ బండికి బిగించాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

బావతో ఒప్పందమైంది. రేపు నేను పక్క సీట్లో కూర్చుంటాను. తల వాలిస్తే అటునుంచి అటే దవాఖానకు. వాలకపోతే నేను జన్మలో డబ్బా ఊసెత్తొద్దు. అక్క మధ్యవర్తి.

ఫిబ్రవరి 17, సోమవారం

బావ బతికే ఉన్నాడు. ముందు అది రాస్తున్నాను.

గని దగ్గర ఎక్కాను. దారంతా ఏడిపించాడు. మరదలు పక్కకు కూసుంటే ఓనర్ కిరాయి కోస్తడన్నాడు. పెళ్ళి చేసుకోవే, మొగునికి డబ్బ బిగించుకో, అరుగు దాటితే బజర్ మోగుతది అన్నాడు. నేనూ నవ్వాను. పచ్చ లైటు. ఎండకు రోడ్డు నీళ్ళలా మెరుస్తోంది.

గద్దె కనబడింది. బావ హారన్ కొట్టాడు. రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకున్నాడు. ఎర్ర లైటు వచ్చింది, బజర్ మొదలైంది. సరే, ఇది సరిగ్గానే ఉంది అనుకున్నాను.

అప్పుడు ఆయన ఊపిరి వదిలాడు. మామూలుగా వదిలినట్టు కాదు. సంచి జారినట్టు ముందుకు జారాడు. నుదురు స్టీరింగ్ మీద, ఛాతీ హారన్ మీద. చేతులు రెండూ ఒళ్ళో పడ్డాయి. అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, అవి స్టీరింగ్‌కు బెత్తెడు దూరంలో కూడా లేవు.

బజర్ ఆగిపోయింది.

పచ్చ.

బావా బావా అని భుజం ఊపాను. హారన్ హోరులో నా గొంతు నాకే వినబడలేదు. మలుపు వచ్చేసింది. స్టీరింగ్ తిరగడం మొదలైంది. దేవవ్వ చెప్పినట్టే, చల్లగా. నిద్రపోతున్న పిల్లవాడిని పక్కకు తిప్పినట్టు. ఆయన తల దాని మీద ఉన్నా అదరకుండా.

నేను సీట్లోంచి వంగి స్టీరింగ్ పట్టుకోబోయాను. రెండు చేతులతో. ఎడమవైపు పట్టుకోబోయాను, పైన పట్టుకోబోయాను, కింద పట్టుకోబోయాను.

చోటు లేదు.

ఇంతకంటే ఎట్లా రాయాలో నాకు రాదు. కంటికి ఏమీ లేదు. చేతికి చోటు లేదు. బస్సులో కడ్డీ పట్టుకోబోతే అప్పటికే అందరి వేళ్ళూ ఉన్నట్టు. మెత్తగా, వెచ్చగా, జరగకుండా.

హ్యాండ్ బ్రేక్ గుంజాను. గాలి చప్పుడు చేసి బండి అక్కడే కూలబడ్డట్టు ఆగింది. వెనక లారీలు మొత్తుకున్నాయి. వాళ్ళే దిగి వచ్చి బావను దించారు. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, సైడింగ్ వచ్చిందానే అని అడిగాడు.

ఆయన్ను దించేదాకా పచ్చ లైటు ఆరలేదు.

ఫిబ్రవరి 20

కరీంనగర్ దవాఖాన. ఆయన గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి ఆగుతోందట, మళ్ళీ తనే మొదలవుతోందట. డాక్టర్ కాగితం మీద గీతలు చూపించాడు. ఇట్లాంటివి ఇన్ని నెలలు బండి నడుపుతూ ఎట్లా తట్టుకున్నాడని నన్నే అడిగాడు. పేస్‌మేకర్ వేశారు. లారీ సీటు ఇక లేదన్నారు.

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఇటు తిరిగి, గీ డబ్బ నువ్వు చేసిందానికంటె చిన్నగున్నదే అన్నాడు. అక్క ఏడుస్తూ నవ్వింది.

ఫిబ్రవరి 25

మేడమ్‌కు రాసి పంపాను. మీ ప్రశ్న సరైనది, మనిషి హారన్ మీద పడితే నా పరికరం దణ్ణం అనుకుంటుంది, నేను కళ్ళారా చూశాను, ఏడో క్లెయిమ్ వాపస్ తీసుకుంటున్నాను అని రాశాను. హారన్‌కు గడువు పెట్టి సరిచేయొచ్చు. కానీ మొదట ఫైల్ చేసినదాంట్లో లేనిది ఇప్పుడు చేర్చకూడదు, అది రూల్. ఏడోది పోతే మిగిలింది జర్మనీ వాళ్ళది. అంటే నాకేమీ రాదు.

కడుపు మండుతోంది. ఎవరి మీదో తెలియడం లేదు. పంపే ముందు కాక అడిగాడు, రాయకుంటే వాళ్ళకెట్ల తెలుస్తది బిడ్డా అని. ఇంకో బండికి ఇదే డబ్బా పెడితే అక్కడ మలుపుండదు, మైసమ్మ ఉండదు అన్నాను.

బావ చేతులు ఒళ్ళో ఉండగా పచ్చ లైటు ఎందుకు వెలిగిందో మేడమ్‌కు రాయలేదు. ఆమె అడగలేదు.

మార్చి 9, ఆదివారం

ఆ బండికి కొత్త డ్రైవర్ వచ్చాడు, సాయిచంద్. ఇవాళ షాపుకు తెచ్చాడు. స్టీరింగ్ మస్తు బరువుందక్కా, మైసమ్మ దగ్గరైతే నన్ను తిప్పనిస్తలేదు, ఎవలో గుంజినట్టున్నది అన్నాడు. మెకానిక్ అన్నీ విప్పి చూశాడట, ఏ లోపమూ లేదట.

అతన్ని చాయ్‌కి పంపి, క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాను. స్టీరింగ్ పట్టుకోబోతే ఇంకా చోటు లేదు.

బావ బాగున్నాడని చెప్పాను. ఇంటి దగ్గరే ఉంటున్నాడని చెప్పాను.

వదిలింది.